మీ అమ్మగారు, మా అమ్మ

సీతాలక్ష్మిగారు జపాన్ చూడలేదు. ఆ సంగతి ఎవరడిగినా దాచరు. "విమానంలోంచి కూడా చూడలేదమ్మా" అని నవ్వేస్తారు. సామర్లకోటలో పుట్టి, కాకినాడలో బి.కాం. చదివి, పెళ్ళయ్యాక దోహా వచ్చి సగం జీవితం ఇక్కడే గడిపిన మనిషి. అయినా అల్ హిలాల్‌లో మా బిల్డింగు దగ్గరికొచ్చి "జపాన్ ఆంటీ ఇల్లెక్కడ?" అనడిగితే, కింద కూర్చునే మలయాళీ వాచ్‌మన్ దగ్గర్నుంచి పై అంతస్తులో ఫిలిప్పీన్స్ నర్సుల దాకా అందరూ ఆవిడ తలుపే చూపిస్తారు.

నేను ఆవిడ కింది ఫ్లాట్‌లో ఉంటాను. మా అబ్బాయి భరణి ప్రతి శనివారం పొద్దున్న ఆవిడ దగ్గరికి జపనీస్ నేర్చుకోవడానికి వెళ్తాడు. ఆవిడకి కారు నడపడం రాదు కనుక, ఎక్కడికైనా వెళ్ళాలంటే నేనే తీసుకెళ్తాను. అందుకే ఈ సంగతులన్నీ నాకు తెలిశాయి.

ఆవిడకి జపనీస్ వచ్చిన కథ ముందు చెప్పాలి. ఆవిడ భర్త రామకృష్ణారావుగారు రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు ఇంజినీరు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ పొద్దు వాలాకే ఇంటి ముఖం చూడటం. కూతురు బడికి పోయాక ఒక్కతే కూర్చోలేక ఆవిడ ఒక జపాన్ కాంట్రాక్టు కంపెనీ దోహా ఆఫీసులో అసిస్టెంటుగా చేరారు. ఫోన్లెత్తడం, ఫైళ్ళు సర్దడం, వీసా కాగితాలు పంపడం. అక్కడ మొరికావా అనే ఆయన మేనేజరు. ఆయన తన వాళ్ళతో జపనీస్‌లో మాట్లాడుతుంటే ఈవిడ చెవి అటే లాగేది.

"క్రియ వాక్యం చివరికొస్తుంది, మనలాగే. నేను, నువ్వు అనకుండానే మాట్లాడేస్తారు, మనలాగే. మన ఊరివాళ్ళెవరో దారి తప్పి అంత దూరం పోయి స్థిరపడ్డారా అనిపించేది నాకు" అంటారు.

ఈవిడ ఆసక్తి చూసి మొరికావాగారి భార్య ఇంటికి పిలిచి నేర్పడం మొదలుపెట్టింది. బదులుగా ఈవిడ ఆమెకి పప్పుచారు, పులిహోర నేర్పారు. చింతపండు ఆమెకి తెగ నచ్చిందట.

ఒకసారి గురువారం నాడు కూతురి బళ్ళో ఫంక్షనుంది. మధ్యాహ్నమే వెళ్ళడానికి అనుమతి కావాలి. కొత్తగా వచ్చిన భాషలోనే అడుగుదామని సీతాలక్ష్మిగారు రాత్రంతా వాక్యం కూర్చుకుని మరీ వెళ్ళి అడిగారు. మొరికావాగారు పళ్ళ సందులోంచి గాలి పీల్చి, తల కాస్త పక్కకి వంచి, "గురువారం... చొత్తో..." అని ఆగిపోయారు. చొత్తో అంటే కొంచెం. కొంచెం ఏమిటి? కొంచెం ఆగమనా, కొంచెం తొందరగా రమ్మనా? ఈవిడ మిగతా మాట కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. గురువారం వచ్చింది, ఫంక్షనూ అయిపోయింది. తర్వాత మొరికావాగారి భార్య విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, "ఆయన అప్పుడే కుదరదని చెప్పేశారు కదా!" అందట.

ఈవిడకి ముందు కోపం వచ్చింది. తర్వాత తన మేనమామ గుర్తొచ్చారు. ఆయన్ని ఏదడిగినా "చూద్దాంలే" అనేవారు. ఆ చూద్దాంలేకి అర్థం కాదనే అని ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఎదుటివాళ్ళ ముఖం మీద కాదనడం ఇష్టంలేక మావయ్య ఆ మాట అనేవారు. మొరికావాగారు చేసిందీ అదే. "ఆ రోజు నుంచి నాకు వాళ్ళ భాష అర్థం కావడం మొదలైంది. అంతకుముందు మాటలు మాత్రమే తెలిసేవి" అని ఆవిడ చెప్తారు.

ప్రాజెక్టు పూర్తయి ఆ ఆఫీసు మూసేశారు. మొరికావా దంపతులు వెళ్ళిపోయారు. కూతురు పెళ్ళయి కువైట్‌లో స్థిరపడింది. సీతాలక్ష్మిగారు మళ్ళీ ఇంట్లో ఒక్కరే అయ్యారు. అప్పుడు లిఫ్టులో మా భరణి చేసిన ఘనకార్యం వల్ల క్లాసు పుట్టింది.

మా వాడికి జపాన్ కార్టూన్లంటే పిచ్చి. అందులో మాటలు అర్థం తెలియకుండా గట్టిగా అరుస్తుంటాడు. ఒకరోజు లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఉన్న ఈవిడని చూసి వేలు చూపిస్తూ "ఒమాయే!" అని అరిచాడు. నేను పక్కనే ఉన్నాను. ఏదో ఆటలే అనుకున్నాను.

"ఏరా అన్నావురా నన్నిప్పుడు" అన్నారావిడ, నవ్వాపుకుంటూ.

భరణి ముఖం వెలవెలబోయింది. "సారీ ఆంటీ, హీరో అలాగే అంటాడు."

"హీరో శత్రువుతో అంటాడు నాన్నా. నేను నీ శత్రువునా? శనివారం పైకి రా. ఎవరిని ఏమనాలో నేర్పుతాను."

వాడొక్కడే వెళ్ళాడు. తర్వాత వాడి స్నేహితులు, వాళ్ళ స్నేహితులు చేరారు. హాల్లో సోఫాలు గోడకి జరిపి తివాచీ పరిస్తే నిండిపోయేది. టీచరుని జపాన్‌లో సెన్సే అంటారని తెలిసి పిల్లలందరూ ఆవిడని "సెన్సే ఆంటీ" అనడం మొదలుపెట్టారు. రెండూ కలిపి అనకూడదని చెప్పి చెప్పి ఆవిడే ఊరుకున్నారు.

ఆవిడ పాఠం వ్యాకరణంతో మొదలుకాదు. ఒక వారం అందరికీ తలా ఒక గిన్నెలో ఉప్మా పెట్టి, తినేముందు వాళ్ళు "ఇతదకిమాస్" అంటారని చెప్పారు. "అంటే ఏమిటో తెలుసా? తల మీదికి ఎత్తి తీసుకుంటున్నాను అని. ఇచ్చినవాళ్ళు పెద్ద, పుచ్చుకునే నేను చిన్న. మన ఇళ్ళల్లో ప్రసాదం పెడితే ఏం చేస్తారు?"

పిల్లలు అరచెయ్యి చూపించి కళ్ళకి అద్దుకున్నారు.

"అదే. మనం చేత్తో చేసేది వాళ్ళు నోటితో అంటారు" అన్నారావిడ. ఆ రోజు నుంచి మా ఇంట్లో భరణి ఇడ్లీని కూడా కళ్ళకద్దుకుని తినేవాడు. చట్నీ కంట్లో పడ్డాక మానేశాడు.

ఆ క్లాసులో ఇద్దరు ఆడపిల్లలు చురుగ్గా ఉండేవారు. అపూర్వది హైదరాబాదు. తల్లి సుమలత బ్యాంకులో పెద్ద ఉద్యోగం, తండ్రి ఆర్కిటెక్టు. ఏదడిగినా ముందు చెయ్యెత్తేది అపూర్వే. రెండో పిల్ల మనీషా. వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. తండ్రి గజేందర్ కూలీగా వచ్చి, అల్ రువైస్‌లో పోర్టు పనిలో ఎండల్లో మాడి, మెల్లగా ఫోర్‌మన్ అయి, ఆ తర్వాత సూపర్‌వైజరై, ఈ మధ్యనే భార్యాబిడ్డల్ని తెచ్చుకున్నాడు. మనీషా తక్కువ మాట్లాడేది గాని, ఉచ్చారణ ఆ పిల్లదే బాగుండేది.

ఒక శనివారం పాఠం అమ్మ గురించి. మొలకల గుగ్గిళ్ళు తెచ్చిన నేను కూడా అక్కడే కూర్చున్నాను. జపాన్‌లో అమ్మకి రెండు మాటలున్నాయని సీతాలక్ష్మిగారు చెప్తున్నారు. "ఎదుటివాళ్ళ అమ్మని ఒకాసాన్ అనాలి. మన అమ్మ గురించి బయటివాళ్ళకి చెప్పేటప్పుడు హహా అనాలి. మన ఇంటివాళ్ళని మనం బయట గొప్ప చేసుకోకూడదు. మన తెలుగులో కూడా ఉంది చూడండి. మీ అమ్మగారు బాగున్నారా అని అడుగుతాం. మా అమ్మ బాగుంది అని చెప్తాం. మా అమ్మగారు బాగున్నారు అని చెప్పుకుంటే ఎబ్బెట్టుగా ఉండదూ?"

తర్వాత ఒక్కొక్కళ్ళనీ ముందు తెలుగులో రెండు వాక్యాలు చెప్పమన్నారు. ఒకటి తన అమ్మ మీద, ఇంకొకటి పక్కవాళ్ళ అమ్మ మీద. మనీషా వంతొచ్చింది. పక్కన అపూర్వ ఉంది.

"మా అమ్మ అన్నం వండింది. అపూర్వ వాళ్ళ అమ్మ ఆఫీసుకు పోయింది."

"పోయింది కాదు, వెళ్ళారు అనాలి" అంది అపూర్వ వెంటనే.

"అవునమ్మా, వెళ్ళారు" అని సీతాలక్ష్మిగారు కూడా అలవాటుగా అనేశారు.

అపూర్వకి అది చాలింది. "వీళ్ళింతే సెన్సే ఆంటీ. వాళ్ళ నాయనమ్మని కూడా నువ్వు అంటుంది. నేను ఫోన్లో విన్నాను. వీళ్ళ తెలుగులో రెస్పెక్టే లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. సీతాలక్ష్మిగారు "అలా అనకూడదు" అని మందలించి, టైమైపోతోందని తర్వాతి పిల్లని అడిగారు. మనీషా తల దించుకుని తివాచీ కుచ్చు అల్లుతూ కూర్చుంది. వెళ్ళేటప్పుడు అందరిలాగే వంగి నమస్కారం పెట్టింది. ఆ తర్వాత మళ్ళీ క్లాసుకి రాలేదు.

మొదట జలుబు అనుకున్నాం. తర్వాతి శనివారం కూడా రాకపోయేసరికి సీతాలక్ష్మిగారు గజేందర్‌కి ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు కనుక నేనూ విన్నాను.

"ఏం లేదు మేడం. పోరికి స్కూల్ పని ఎక్కువైంది. వచ్చే వారం పంపుడంటే... చూద్దాం మేడం."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. "చూద్దాం అన్నాడమ్మా" అన్నారు. "అంటే పంపడు. పద, కారు తియ్యి."

గజేందర్ వాళ్ళుండేది అల్ ఘర్రాఫాలో. పెద్ద విల్లాని నాలుగైదు వాటాలు చేసి అద్దెకిచ్చారు. వాళ్ళది వెనకవైపు వాటా. తలుపు ముందు చిన్న సిమెంటు జాగాలో, చలికాలపు ఎండలో ఒక పెద్దావిడ పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడే గౌరవ్వ, గజేందర్ తల్లి. విజిట్ వీసా మీద వచ్చింది. మమ్మల్ని చూడగానే లేవలేదు, నమస్కారం పెట్టలేదు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నట్టు నవ్వింది.

"అచ్చినవా బిడ్డా? గంత దూరం నుంచి ఎండల పడి అచ్చినవ్. కూసో. ఓ శోభా, మంచినీళ్ళు తే! నువ్వేనా మా పిల్లకు జపాన్ మాటలు జెప్పేది?"

సీతాలక్ష్మిగారిని ఎవరైనా నువ్వు అని చాలా కాలమైంది. వాళ్ళమ్మ పోయాక ఆ మాట వినలేదని తర్వాత కార్లో నాతో అన్నారు. అప్పుడు మాత్రం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ వదిలేసి వెళ్ళి గౌరవ్వ పక్కనే గడప మీద కూర్చున్నారు. చిక్కుడుకాయ ఒకటి అందుకుని ఈనె తియ్యడం మొదలుపెట్టారు.

గజేందర్ భార్య శోభ నీళ్ళతో పాటు టీ కూడా తెచ్చింది. గజేందర్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి చొక్కా మార్చుకుని బయటికొచ్చాడు. మళ్ళీ స్కూలు పని, పరీక్షలు అని చెప్పబోయాడు. గౌరవ్వ కొడుకుని ఆపేసింది.

"నువ్వూకో. ఉన్న మాట జెప్తె ఏమైతది? గా పిల్ల ఎవ్వతో 'మీ భాషల మర్యాద లేదు' అన్నదట. ఇది అచ్చి పక్క మీద పడి ఒక్కటే ఏడుపు. నాతోని మాట్లాడుడే బంద్ పెట్టింది. ఎన్నడూ లేంది మొన్న 'మీరు తిన్నారా' అంటది నన్ను! నేనేం తప్పు జేసిన్నే?"

తలుపు వెనక మనీషా ఉందని అందరికీ తెలుస్తూనే ఉంది. సీతాలక్ష్మిగారు అటు చూడకుండానే అడిగారు.

"మనీషా, నాయనమ్మని ఇదివరకు నువ్వు అనేదానివి కదా. ఎందుకనేదానివి?"

తలుపు వెనక నుంచే చిన్న గొంతు వినిపించింది. "మీరు అంటే ఆమె ఎవరో పరాయామె లెక్క ఉంటది."

"ఇంకోసారి చెప్పు?"

మనీషా బయటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నువ్వు అంటేనే మా నాయినమ్మ. మీరు అంటే బస్సుల కలిసిన ముసలామె."

గౌరవ్వ పకపకా నవ్వింది. సీతాలక్ష్మిగారు నవ్వలేదు. పిల్లని దగ్గరికి లాక్కుని, "జపాన్‌లో పిల్లలు కూడా ఇంట్లో నాయనమ్మతో మర్యాద మాటలు మాట్లాడరమ్మా. మామూలు మాటలే మాట్లాడతారు. ఉన్నట్టుండి మర్యాదగా మాట్లాడితే ఏం, కోపమొచ్చిందా అని అడుగుతుంది నాయనమ్మ. ఈ పాఠం నేను ఆ రోజే చెప్పి ఉండాల్సింది. నువ్వొచ్చి క్లాసులో అందరికీ చెప్తావా?" అన్నారు.

మనీషా గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"అది రాకుంటె నేనస్త తియ్యి" అంది గౌరవ్వ. "దుబాయ్ అచ్చిన కాడికెల్లి ఈ నాలుగు గోడలే జూస్తున్న."

"దుబాయ్ కాదే, ఇది ఖతార్" అన్నాడు గజేందర్.

"ఏదైతేంది, ఇసుకే గద!"

అలా గౌరవ్వ క్లాసుకొచ్చింది. నాయనమ్మ ఒక్కతే వెళ్తే ఏం మాట్లాడుతుందో అన్న భయంతో మనీషా కూడా వచ్చింది. ఆ శనివారం రామకృష్ణారావుగారు సెలవులో ఉన్నారు. హాల్లో పేపరు చదువుకుంటున్న ఆయన్ని చూసి గౌరవ్వ, "ఏమయ్యా, మంచిగున్నవా? ఏం కొలువు జేస్తవ్ నువ్వు?" అంది. ఆయన పేపరు మడిచి, లేచి నిలబడి, బడిపిల్లాడిలా మొత్తం చెప్పారు. ఏ ప్లాంటు, ఏ పని, ఎన్నింటికి బస్సు అన్నీ. ఇంట్లో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం సీతాలక్ష్మిగారే ఎరగరు.

జపాన్‌లో పిల్లలు ఇంట్లో నాయనమ్మతో మామూలు మాటలే మాట్లాడతారని సీతాలక్ష్మిగారు ముందే అందరికీ చెప్పేశారు. ఆ తర్వాత పాఠం ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అనే మాట. జపాన్ వాళ్ళు గడప దాటేముందు "ఇత్తె కిమాస్" అంటారు. వెళ్ళి వస్తాను అని. ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తె రస్షాయ్" అంటారు. వెళ్ళి రా అని. మీ ఇళ్ళల్లో ఏమంటారని సెన్సే అడిగారు. వెళ్ళొస్తా అన్నారు కొందరు. మా భరణి "బై" అన్నాడు. నాకు సిగ్గేసింది.

"పోయొస్త" అంది మనీషా, నేల చూస్తూ.

"గంతే. పోతున్న అనద్దు. పోయొస్త అనాలె" అంది గౌరవ్వ. "మా గజేందర్ మొదటిపారి దుబాయ్ పోయేనాడు బస్సు మెట్టెక్కి 'పోతున్ననే అమ్మా' అన్నడు. నాకు గుండె ఝల్లుమన్నది. దిగు అన్న. బస్సాయన లొల్లి పెడుతున్నడు. ఎవ్వడి లొల్లి వాడిది. ఇంటికి తోలుకచ్చి, కూసోవెట్టి, నీళ్ళు తాగిచ్చి, 'ఇప్పుడను' అన్న. 'పోయొస్తనే' అన్నడు. 'పోయిరా బిడ్డా' అన్న. అప్పుడు పంపిన."

అందరికంటే ముందుకి వంగి వింటున్నది అపూర్వ.

"మరి వచ్చారా?" అంది.

"రాకుంటె ఇది ఎక్కడికెల్లి పుట్టింది?" అని గౌరవ్వ మనీషా వీపు మీద చరిచింది. పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. మనీషా కూడా.

క్లాసయ్యాక అపూర్వ గౌరవ్వ దగ్గరికెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ పిల్ల అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"నేను మిమ్మల్ని నువ్వు అనొచ్చా?"

"అను బిడ్డా. అంటె మా ఇంటి పిల్లవైతవ్."

అపూర్వ నోరు తెరిచింది. పెద్దవాళ్ళని ఎప్పుడూ అనని నోరు కదా. "నువ్వు... ఇంకా కాసేపు... ఉంటారా?" అంది. మనీషా పగలబడి నవ్వి, "ఉంటవా! ఉంటవా అనాలె" అని సరిదిద్దింది. అపూర్వ కూడా నవ్వింది. క్షమించమని ఒకరు అడగనూ లేదు, ఇంకొకరు ఫర్వాలేదనీ అనలేదు. తర్వాతి శనివారానికి మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే పెన్సిలు డబ్బా వాడుకుంటున్నారు.

కథ ఇక్కడితో అయిపోతే సీతాలక్ష్మిగారికి సుఖంగా ఉండేది. గౌరవ్వ వచ్చి వెళ్ళిన రెండు రోజులకి అపూర్వ తల్లి సుమలత ఫోన్ చేసింది. మంచి కోపంలో ఉంది.

"ఏం నేర్పుతున్నారండీ మీరు? మా నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. మా ఇంట్లో ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి కూడా ఆలోచిస్తాం. నిన్న వీడియో కాల్లో ఇది 'తాతయ్యా, నువ్వు మందులేసుకున్నావా?' అంది. నాన్నగారు ఫోన్ పెట్టేశారు. జపాన్‌లో ఇదేనా పద్ధతి అంటే, అవునూ సెన్సే ఆంటీయే చెప్పారంటోంది!"

సీతాలక్ష్మిగారు వాదించలేదు. ఏ ఇంటి తీరు ఆ ఇంటిదని పిల్లలకి చెప్పకపోవడం తన పొరపాటేనని ఒప్పుకుని, పెద్దాయనతో క్షమించమని చెప్పమన్నారు. ఆ వారమంతా ఆవిడ ముఖంలో కళ లేదు. "ఒక పిల్లకి దెబ్బ తగిలిందని మందు రాయబోతే ఇంకో ఇంట్లో తగిలిందమ్మా" అన్నారు నాతో.

శుక్రవారం మధ్యాహ్నం హైదరాబాదు నంబరు నుంచి ఫోనొచ్చింది. అవతల సుధాకరరావుగారు, అపూర్వ తాతగారు. సీతాలక్ష్మిగారు కుర్చీలోంచి లేచి నిలబడే మాట్లాడారు.

"చూడమ్మా, ఆ రోజు ఫోన్ పెట్టేసింది కోపంతో కాదు. ఏం మాట్లాడాలో తోచలేదు. నేను మా అమ్మమ్మని నువ్వు అనే పిలిచేవాణ్ణి. ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగాను. మా ఇంట్లోకి ఈ మీరు ఎప్పుడు వచ్చిందో నాకే తెలీదు. నేను హెడ్మాస్టర్నయ్యాకే వచ్చి ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఇంట్లో కూడా నాకు అందరూ దణ్ణాలే పెడుతున్నారు."

"అపూర్వకి చెప్తానండీ, ఇక అనదు..."

"అనకూడదని ఎవరన్నారు? దానితో ఒప్పందం చేసుకున్నాను. మేమిద్దరమే మాట్లాడుకునేటప్పుడు నువ్వు. వాళ్ళమ్మ ముందు, నలుగురి ముందు మీరు."

సీతాలక్ష్మిగారు ఫోన్ పట్టుకునే గట్టిగా నవ్వేశారు. "మాస్టారూ, జపాన్ వాళ్ళ భాషంతా ఈ ఒక్క ముక్క మీదే నిలబడి ఉందండీ. ఇంటి లోపల ఒక మాట, ఇంటి బయట ఒక మాట. నేను ఇన్నాళ్ళ నుంచి పిల్లలకి చెప్పలేక తంటాలు పడుతున్నది మీరు చేసి చూపించారు."

ఆ తర్వాతి శనివారం ఆవిడ కొత్త పాఠం మొదలుపెట్టారు. జపాన్‌లో పని చేసి అలిసిన మనిషిని చూస్తే "ఒత్సుకారెసమా" అంటారు. నువ్వు అలిసిపోయావు, ఆ సంగతి నాకు తెలుసు అని దాని భావం. అయిన ప్రతి పనికీ, ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి మనిషికీ అంటారు. "మీ ఇంట్లో డ్యూటీ నుంచి వచ్చినవాళ్ళని చూసి మొదట అనే మాటేమిటో విని రండి" అని పిల్లలకి పని పెట్టారు.

వారం తిరిగేసరికి రకరకాల జవాబులొచ్చాయి. మనీషా వాళ్ళింట్లో శోభ ఏమీ అనదట, గజేందర్ బూట్లు విప్పేలోపు చెంబు నీళ్ళు పట్టుకుని నిలబడుతుందట. అపూర్వ వాళ్ళమ్మా నాన్నా ఒకరినొకరు "పార్కింగ్ దొరికిందా?" అని అడుగుతారట. మా భరణి లేచి, "మా అమ్మ 'వైఫై బిల్లు కట్టారా?' అంటుంది" అని చెప్పాడు. ఇక ఆ క్లాసులకి నేను గుగ్గిళ్ళు పంపుతాను గాని వెళ్ళి కూర్చోను.

పిల్లలు వెళ్ళిపోయాక సీతాలక్ష్మిగారు తన ఇంట్లో మొదటి మాటేమిటా అని ఆలోచించారట. "ఇవాళ లేటయిందే." అంతకుమించి గుర్తు రాలేదు. ఇన్నేళ్ళ నుంచీ అదే మాట. బస్సు పెందలాడే వచ్చిన రోజు కూడా అదే.

మర్నాడు సాయంత్రం రాస్ లఫాన్ బస్సు దిగి రామకృష్ణారావుగారు పైకొచ్చారు. చొక్కా కాలరు నిండా దుమ్ము. ఈవిడ తలుపు తీసి, జపనీస్ మాట అంటే ఆయనకి అర్థం కాదని, తెలుగులో మాట వెతుక్కున్నారు. చివరికి, "బాగా అలిసిపోయారు కదూ. కూర్చోండి, మజ్జిగ తెస్తాను" అన్నారు.

ఆయన బ్యాగు చేతిలో పట్టుకునే ఆవిడ ముఖంలోకి అనుమానంగా చూశారట.

"ఏమైంది సీతా? కువైట్ నుంచి ఫోనేమైనా వచ్చిందా? అమ్మాయి బాగానే ఉందా?"

"అందరూ బాగానే ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను."

"నన్నా?" అని ఆయన నమ్మలేనట్టు కుర్చీలో కూలబడ్డారు. మజ్జిగ సగం తాగి గ్లాసు పక్కన పెట్టి, "అవునే, ఇవాళ నిజంగానే అలిసిపోయాను. ఒక వాల్వు పొద్దున్నించీ చంపుకు తింది" అని మొదలుపెట్టి, ఆ వాల్వు కథంతా చెప్పారట. ఆవిడకి వాల్వుల సంగతి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కూర కింద పొయ్యి కట్టేసి వచ్చి, ఎదురుగా కూర్చుని చివరిదాకా విన్నారు.